పాస్టరుగారు ఆర్‌సీఎంలో చేరారట! అపోహలు - వాస్తవాలు

ఫలానా ఊరి పాస్టరుగారు ఆర్‌సీఎంలో, అంటే రోమన్ కథోలిక సంఘంలో, చేరారట అన్న మాట మా వైపు బయటికొచ్చిందంటే, సాయంత్రానికల్లా దానికి నాలుగు కారణాలు పుట్టేస్తాయి. డబ్బిచ్చారట. సంఘంలో గొడవట. విదేశం పంపిస్తామన్నారట. అత్తారివైపు వాళ్లు లాగారట. ఆయన్నే వెళ్లి అడిగినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు.

నేను విజయనగరం జిల్లాలో ఒక కథోలిక విచారణలో (అంటే స్థానిక సంఘంలో) ఉపదేశిని. జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారాలకి పెద్దవాళ్లని సిద్ధం చెయ్యడం నా పని. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల నుంచి వచ్చిన కుటుంబాలతో ఏళ్ల తరబడి కూర్చున్నాను. వాళ్లలో ఇద్దరు పాస్టర్లు. ఆ ఇద్దరి గురించి నేను విన్న మాటల్లో చాలావరకు నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మన ఉత్తరాంధ్రలో కథోలిక, బాప్టిస్టు సంఘాలు రెండూ పక్కపక్కనే పెరిగాయి. ఇప్పటి ఫ్రాన్సులో సవాయ్ ప్రాంతంలోని ఆనెసీ నుంచి కథోలిక గురువులు (ఫాదర్లు) 1846లో విశాఖపట్నం వచ్చారు. ఆ శతాబ్దం చివరి భాగంలో కెనడా బాప్టిస్టు మిషనరీలు శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం పట్టణాల్లో పాతుకున్నారు. 1993లో విశాఖపట్నం నుంచి విడదీసి శ్రీకాకుళం మేత్రాసనాన్ని, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతాన్ని, ఏర్పాటు చేశారు. చాలా ఊళ్లలో రెండు చర్చిల గంటలూ ఒకే వీధిలో వినపడతాయి. అయినా మాటలు వేరు. వాళ్లు బాప్తిస్మం అంటే మేం జ్ఞానస్నానం అంటాం. వాళ్లది సువార్త, మాది సువిశేషం. వాళ్లు పరిశుద్ధాత్మ అంటారు, మేం పవిత్రాత్మ అంటాం. సగం అపోహలు ఈ మాటల తేడా దగ్గరే మొదలవుతాయని నా అనుభవం.

అపోహ: డబ్బు కోసం వస్తారు.

వాస్తవం: వచ్చే పాస్టరు ముందు పోగొట్టుకునేది డబ్బే. నా దగ్గరికొచ్చిన ఒకాయనకి అప్పుడు 46 ఏళ్లు. ఉంటున్న ఇల్లు సంఘానిది. జీతం చిన్నదే అయినా పండగకి బియ్యం, కొత్త బట్టలు, పిల్లల ఫీజులకి ఎవరో ఒకరి సాయం, అంతా ఆ సంఘం నుంచే వచ్చేది. చదివింది వేదాంత కళాశాలలో. ఆ సర్టిఫికెట్ చూసి బయట ఉద్యోగం ఎవరిస్తారు? ఇల్లు ఖాళీ చేసిన రోజు నేనూ సాయానికి వెళ్లాను. రెండు మంచాలు, ఒక బీరువా, గ్యాస్ స్టవ్, ఏడు అట్టపెట్టెల పుస్తకాలు. టాటా ఏస్ ఒక్క ట్రిప్పుకే సరిపోయింది. తర్వాత రెండేళ్లు ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పి ఇల్లు నడిపారు. మా విచారణ ఆయనకి ఇచ్చింది మొదటి రెండు నెలల ఇంటి అద్దె. అంతకన్నా ఇవ్వలేకపోయామని నాకు ఇప్పటికీ బాధే.

ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లాండులో ఇలా వచ్చిన ఆంగ్లికన్ (ఇంగ్లాండు ప్రొటెస్టెంటు సంఘం) గురువుల కుటుంబాలు పూట గడవక ఇబ్బంది పడుతుంటే, వాళ్లని ఆదుకోడానికి 1896లోనే ప్రత్యేకంగా ఒక సహాయ సంఘం పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడది సెయింట్ బర్నబాస్ సొసైటీ పేరుతో నడుస్తోంది. అమెరికాలో ప్రెస్బిటేరియన్ పాస్టరుగా పనిచేసి కథోలికుడైన మార్కస్ గ్రోడి 1993లో ఇలాంటి పని కోసమే ఇంకో సంస్థ మొదలుపెట్టారు. వస్తే డబ్బులొచ్చేటట్టయితే ఇలాంటి సంఘాలు దేనికి? స్వీడన్‌లో ఉల్ఫ్ ఎక్‌మన్ 1983లో ఉప్సలాలో తనే స్థాపించిన పెద్ద సంఘాన్ని వదులుకుని 2014లో భార్యతో కలిసి కథోలిక సంఘంలోకి వచ్చారు. అక్కడ ఆయనకి లేనిది ఇక్కడ ఏం దొరుకుతుందని వచ్చారో డబ్బు లెక్కలో చెప్పలేం.

అపోహ: ఏదో కలొచ్చింది, లేదా గొడవైంది, రాత్రికి రాత్రి మారిపోయారు.

వాస్తవం: జాన్ హెన్రీ న్యూమన్ సంగతి చూడండి. ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ మేరీస్ చర్చికి ఆంగ్లికన్ గురువు. ఆయన ప్రసంగం వినడానికి విద్యార్థులు విరగబడి వచ్చేవారు. 5వ శతాబ్దపు సంఘ చరిత్ర చదువుతుండగా 1839లో మొదటి అనుమానం వచ్చింది. 1843లో ఆ పదవికి రాజీనామా చేశారు. లిటిల్‌మోర్ అనే పల్లెలో చదువు, ప్రార్థన, ఉపవాసాలతో ఇంకో రెండేళ్లు గడిపారు. 1845 అక్టోబర్ 8 రాత్రి డొమినిక్ బార్బెరి అనే ఇటలీ కథోలిక గురువు, గుర్రబ్బండి పైన కూర్చుని గంటల తరబడి వానలో తడిసి, ఆ ఇంటికొచ్చారు. ఆయన పొయ్యి దగ్గర బట్టలు ఆరబెట్టుకుంటుంటే న్యూమన్ వచ్చి కాళ్ల దగ్గర మోకరిల్లారు. మర్నాడు కథోలిక సంఘంలో చేరారు. మొదటి అనుమానానికీ ఆ మోకాళ్లకీ మధ్య ఆరేళ్లు. చెల్లెలు హారియెట్ ఆయనతో సంబంధం తెంచుకుంది. ప్రాణంగా చూసుకున్న ఆక్స్‌ఫర్డ్‌ని రైల్లో పోతూ దూరం నుంచి చూడడమే తప్ప, మళ్లీ 1878లో గానీ ఆ ఊళ్లో అడుగుపెట్టలేదు. ఆయన్ని 2019లో పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు.

నేను చెప్పిన మన పాస్టరుగారికి నాలుగేళ్లు పట్టింది. మొదట్లో చీకటి పడ్డాక మా ఇంటికొచ్చేవారు. సైకిల్ వీధి చివర పెట్టి నడిచొచ్చేవారు. 2వ శతాబ్దం మొదట్లో అంతియొకయ పీఠాధిపతి (బిషప్పు) ఇగ్నేషియస్ విశ్వాసం కోసం వేదసాక్షిగా చనిపోవడానికి వెళ్తూ రాసిన ఉత్తరాలు ఆయన్ని నిద్రపోనివ్వలేదు. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే రొట్టె, క్రీస్తు శరీరమేనని ఆ ఉత్తరాల్లో ఉంది. "ఉపదేశిగారూ, ఇది తర్వాత ఎవరో కలిపింది అనుకున్నాను. ఇంత ముందే ఉందేటండీ?" అని నన్నడిగారు. నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు. ఉంది అన్నాను.

అపోహ: ఆర్‌సీఎంలో చేరితే మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలి.

వాస్తవం: ఇది నన్ను అందరూ అడిగే ప్రశ్న. మా కథోలికులకే సరిగ్గా తెలియదు. నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని కథోలిక సంఘం ఒప్పుకుంటుంది. ఇచ్చింది బాప్టిస్టు పాస్టరైనా, లూథరన్ పాస్టరైనా సరే. మళ్లీ ఇవ్వడం సంఘ చట్టం ప్రకారం తప్పు కూడా. ఎందుకంటే జ్ఞానస్నానం మనిషికి ఒక్కసారే. ఇచ్చారో లేదో, సరిగ్గా ఇచ్చారో లేదో విచారించినా తేలని సందేహం ఉంటేనే, "నీకు ఇదివరకు జ్ఞానస్నానం జరిగి ఉండకపోతే" అన్న షరతుతో ఇస్తారు. త్రిత్వాన్ని ఒప్పుకోకుండా కేవలం యేసు నామంలో ఇచ్చే సంఘాలు మన తీరంలోనూ ఉన్నాయి. ఆ బాప్తిస్మం చెల్లదు. తేడా అక్కడే.

మన పాస్టరుగారు 17వ ఏట నాగావళిలో బాప్తిస్మం తీసుకున్నారు. చీటీ లేదు. ఇచ్చిన పాస్టరుగారు చనిపోయి చాన్నాళ్లైంది. ఈయనైతే మళ్లీ నీళ్లలో మునగడానికి సిద్ధపడే వచ్చారు. మా ఫాదరుగారు ఒప్పుకోలేదు. "చూసినవాళ్లు ఒక్కరున్నా చాలు, తీసుకురండి" అన్నారు. నమ్మదగిన సాక్షి ఒక్కరు చెప్తే చాలని సంఘ చట్టంలో ఉంది.

పాలకొండ వైపు నుంచి వాళ్ల మేనత్తని తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి. ఆఫీసు గదిలో కుర్చీ వేసినా కూర్చోలేదు. "ఏ మాటలన్నారమ్మా?" అని ఫాదరుగారు అడిగారు. "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములో అన్నారు బాబూ. నాను గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిల్చున్నాను. నీళ్లు మొలలోతు. ఈడు లేచి దగ్గాడు" అంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకుని, వేలిముద్ర వేయించి, ఫాదరుగారు రిజిస్టరులో పెట్టారు. పాస్టరుగారు కుర్చీలో కూర్చుండిపోయారు. తన పాత జీవితాన్ని ఎవరూ కొట్టెయ్యలేదని ఆయనకి అర్థమైన క్షణం అదేనని తర్వాత చెప్పారు. ఆ రోజు ఆ గదిలో ఉండడం నా అదృష్టం.

మరి చేరేటప్పుడు ఏం చేస్తారు? ముందు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం. తర్వాత పూజలో విశ్వాస ప్రకటన, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం. అంతే. అవసరానికి మించిన భారం మోపొద్దని అపోస్తలుల కార్యములు 15:28 చూపించి మరీ ఇలా చేర్చుకునే విధి గ్రంథం చెప్తుంది. పాస్కా (ఈస్టర్) వరకు ఆగాల్సిన పని కూడా లేదు.

అపోహ: పాస్టరు వస్తే ఫాదరు అయిపోతారు.

వాస్తవం: వచ్చినంత మాత్రాన కారు. ప్రొటెస్టెంటు అభిషేకాన్ని కథోలిక సంఘం గురుపట్టంగా లెక్కపెట్టదు. ఆంగ్లికన్ పట్టాలు చెల్లవని 13వ లియో పోపుగారు 1896లో తేల్చి చెప్పారు. అంతకు చాలా ముందే న్యూమన్ కూడా 1847లో రోములో మళ్లీ గురుపట్టం తీసుకున్నారు. బాప్తిస్మాన్ని ఒప్పుకుని అభిషేకాన్ని ఒప్పుకోకపోవడం పాస్టర్లని చాలా నొప్పిస్తుంది. ఇరవై ఏళ్లు బల్ల దగ్గర నిలబడి రొట్టె విరిచిన మనిషికి ఆ మాట చెప్పడం నాకూ కష్టమే. దాచి చెప్పకూడదు. మొదటి నెలలోనే చెప్పేస్తాను.

పెళ్లైన పాస్టర్లకి కొత్తగా గురుపట్టం ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 1951లో 12వ పయస్ పోపుగారు జర్మనీలో పెళ్లైన మాజీ లూథరన్ పాస్టరుకి గురుపట్టం ఇవ్వడానికి అనుమతించారు. ఆంగ్లికన్ల కోసం 2009లో 16వ బెనెడిక్ట్ పోపుగారు ప్రత్యేక ఏర్పాటే చేశారు. కరాచీలో పుట్టి, ఇంగ్లాండులో రోచెస్టర్ ఆంగ్లికన్ బిషప్పుగా పనిచేసిన మైకేల్ నజీర్ అలీ 2021లో కథోలిక సంఘంలో చేరి, అదే ఏడాది అక్టోబరులో గురువయ్యారు. ఆయనకి భార్యాబిడ్డలున్నారు. అయితే ఇవి రోము ఒక్కొక్కరి విషయం చూసి ఇచ్చే మినహాయింపులు. మన బాప్టిస్టు పాస్టరు ఆ ఆశతో రాకూడదు. స్కాట్ హాన్ ప్రెస్బిటేరియన్ పాస్టరు, పండితుడు. 1986లో చేరారు. ఆయన ఈ రోజుకీ గురువు కాదు, బైబిలు చెప్పే ప్రొఫెసరు.

అపోహ: భార్యాపిల్లల్ని కూడా బలవంతాన లాక్కొస్తారు.

వాస్తవం: ఎవరి మనస్సాక్షి వారిది. స్కాట్ హాన్ భార్య కింబర్లీ నాలుగేళ్లు ఆగి 1990లో వచ్చారు. మన పాస్టరుగారి భార్య ఇంకా రాలేదు. ఆదివారం ఆయన పూజకి వస్తారు, ఆవిడ తన చర్చికి వెళ్తారు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి భోంచేస్తారు. ఆ ఇంట్లో నేను చాలాసార్లు తిన్నాను. ఆవిడ్ని తొందరపెట్టొద్దని నేనే ఆయనకి చెప్తుంటాను.

అపోహ: మరియమాతని మొక్కాల్సొస్తుంది.

వాస్తవం: ఆరాధన దేవుడికే. పునీతులకి ఇచ్చేది గౌరవం. ఈ తేడాని 787లో రెండో నైసియా మహాసభ రాతపూర్వకంగానే చెప్పింది. ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథరు కూడా మరియని దేవుని తల్లి అనే నమ్మాడంటే పాస్టర్లు ఆశ్చర్యపోతారు. అయినా ఒప్పుకోవాలి, విజయవాడ గుణదల మరియమాత పండగలో మనవాళ్లు కొందరు చేసేది చూస్తే బయటివాళ్లకి అనుమానం రాక మానదు. ఆ తప్పు మా ఉపదేశం చాలకపోవడం. మన పాస్టరుగారికి అన్నిటికన్నా చివర్న అలవాటైంది మరియమాత జపమాలే. మొదటి ఆరు నెలలు చొక్కా జేబులో పెట్టుకు తిరిగారు తప్ప తియ్యలేదు. తొందరేం లేదన్నాను.

అపోహ: కథోలికులు బైబిల్లో ఏడు పుస్తకాలు కలిపారు.

వాస్తవం: 73 పుస్తకాల పట్టిక 397లో కార్తేజు సభ నాటికే ఉంది. 1546లో ట్రెంట్ మహాసభ దాన్నే ఖాయం చేసింది. లూథరు 1534 జర్మన్ బైబిల్లోనూ, 1611 ఇంగ్లీషు బైబిల్లోనూ ఆ పుస్తకాలు విడిగా ఒకచోట అచ్చయ్యాయి. పాస్టర్లకి ఈ అపోహ తొందరగానే పోతుంది, వాళ్లు చదువుకున్నవాళ్లు.

ఇక మావైపు అపోహ ఒకటుంది. చరిత్ర బాగా చదివిన ప్రతి ప్రొటెస్టెంటు పండితుడూ కథోలికుడైపోతాడని మనవాళ్లు న్యూమన్ మాట ఒకటి పట్టుకుని వాదనకి దిగుతారు. అది నిజం కాదు. సంఘ చరిత్రని అంత లోతుగా రాసిన లూథరన్ పండితుడు యరొస్లావ్ పెలికన్ 1998లో వెళ్లింది ఆర్థడాక్స్ సంఘానికి. జీవితమంతా చదివి ప్రొటెస్టెంటుగానే ఉన్న మహా పండితులు ఎందరో. మన జిల్లాల్లో చూసినా, ఆర్‌సీఎం నుంచి పెంతెకోస్తు సంఘాలకి వెళ్లే కుటుంబాలు నాకు కనపడుతూనే ఉన్నాయి. వచ్చిన పాస్టరుని వేదికెక్కించి గెలిచిన కప్పులా చూపించడం నాకు అస్సలు నచ్చదు. అలా ఒకసారి ఒక సభలో చేశారు. మైకు ఇచ్చి, పాత సంఘం గురించి చెప్పమన్నారు. ఆయన ఐదు నిమిషాలు తనకి బైబిలు నేర్పిన ఆదివారపు బడి టీచరమ్మ గురించి చెప్పి దిగిపోయారు.

1999లో ఔగ్స్‌బర్గ్‌లో కథోలికులూ లూథరన్లూ మనిషి దేవుడి ముందు నీతిమంతుడిగా తీర్చబడడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. 2006లో మెథడిస్టులూ కలిశారు. మొత్తం ప్రొటెస్టెంటు సంస్కరణకి గుండెకాయలాంటి విషయం అది. ఈ సంగతి చెప్తే మా ఊళ్లో రెండు వైపులా నమ్మరు.

ఇది చదువుతున్నవాళ్లలో ఈ ఆలోచనతో నిద్రపట్టని పాస్టరుగారెవరైనా ఉంటే, రేపే రాజీనామా చెయ్యకండి. ముందు ఇంట్లో భార్యకి చెప్పండి, చాటుగా చదవొద్దు. దగ్గర్లో ఉన్న విచారణ గురువులతో ఒకసారి మాట్లాడండి, పూజకి వచ్చి వెనక బెంచీలో కూర్చోండి. సత్ప్రసాదానికి లేవక్కర్లేదు. పిల్లల చదువు, ఇంటి అద్దె, నెలకి కావలసినది కాగితం మీద రాసుకోండి. మీ బాప్తిస్మం చీటీ ఎక్కడుందో వెతకండి. అది లేకపోతే ఆ రోజు గట్టున ఎవరున్నారో గుర్తు తెచ్చుకుని, వాళ్లు బతికుండగానే ఒకసారి వెళ్లి కలవండి.