‘ఆయన అలాంటివారు కారు’: సంగీతకారుల పూచీ వెనుక ఉన్న కథ

విజయనగరం: పేరున్న కళాకారుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణ రాగానే తోటి గాయకులు, సంగీత దర్శకులు ముందుకొచ్చి ‘ఆయన అలాంటివారు కారు’ అని పూచీ పడడం సబబేనా అన్న వాదన మళ్ళీ రాజుకుంది. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న విజయనగరానికి ఇది దూరపు సినిమా కబురు కాదు. ఇక్కడ స్వరం దిద్దుకున్న పిల్లలు రేపు అవకాశం కోసం వెళ్ళవలసింది ఆ పెద్దల దగ్గరికే. వేధింపులను స్త్రీలు బయటపెట్టిన మీటూ ఉద్యమం ఎక్కడ మొదలైందో, 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు ఫిల్మ్ ఛాంబర్ ముందు నటి శ్రీరెడ్డి నిరసన ఎలా సాగిందో పాఠకులకు తెలుసు. నేటి వాదన అర్థం కావాలంటే అదే ఏడాది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గడిచిన మూడు నెలలను చూడాలి.

ఆ అక్టోబరులో గాయని చిన్మయి శ్రీపాద, తమిళ గేయ రచయిత వైరముత్తు తన పట్ల అనుచితంగా ప్రవర్తించారని బహిరంగంగా ఆరోపించారు. సమంత పాత్రలకు చెప్పిన డబ్బింగ్ వల్ల ఆమె గొంతు తెలుగువారికి చిరపరిచితం. వైరముత్తు ఆరోపణలను ఖండించారు. ఆమెకు మాత్రం ప్రశ్నలు మొదలయ్యాయి. ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నారని, పెళ్ళికి ఆయనను ఎందుకు పిలిచారని అడిగారు. చలనచిత్ర సంగీతంలో అంత పెద్ద పేరును పిలవకపోతే జనం అడిగే ‘ఎందుకు పిలవలేదు’ అన్న ప్రశ్నకు ఒక కొత్త పెళ్ళికూతురు ఏమని జవాబు చెప్పగలదో అడిగినవారు ఆలోచించలేదు. ఎ.ఆర్. రెహమాన్ కొన్ని పేర్లు విని విస్తుపోయానని, పరిశ్రమ స్త్రీలను గౌరవించేదిగా మారాలని రాస్తూనే, ఇంటర్నెట్‌లో కొత్త న్యాయవ్యవస్థను సృష్టించుకుంటే అది దుర్వినియోగం కావచ్చని హెచ్చరించారు. అది వత్తాసు కాదు, నిందా కాదు. తర్వాతి కాలంలో సంగీత ప్రముఖులు అనేకులు తీసుకున్న మధ్యేమార్గానికి మాత్రం అదే నమూనా అయింది.

అసలు మలుపు నవంబరులో వచ్చింది. దక్షిణ భారత సినీ, టెలివిజన్, డబ్బింగ్ కళాకారుల సంఘం చిన్మయి సభ్యత్వాన్ని తొలగించింది. చందా బకాయి పడ్డారన్నది సంఘం చెప్పిన కారణం. అప్పుడు సంఘం అధ్యక్షుడు నటుడు రాధారవి. ఆయన మీద వచ్చిన ఆరోపణల గురించి కూడా చిన్మయి అంతకుముందే మాట్లాడి ఉన్నారు. చందా లెక్క ఎవరిది సరైనదైనా, సభ్యత్వం లేనివారికి తమిళంలో డబ్బింగ్ పని దొరకదన్న సంగతి మాత్రం కోరస్‌లో నిలబడే చివరి అమ్మాయికి కూడా అర్థమైంది. ఆ తర్వాత పెద్దల నుంచి వచ్చిన ప్రతి సమర్థనను ఈ భయం వెలుగులోనే చదవాలి.

ఎందుకంటే పాట పని చాలావరకు నోటిమాట మీద నడుస్తుంది. మొదట ఒకరి చేత ట్రాక్, అంటే నమూనా పాట, పాడిస్తారు, తర్వాత అదే పాటను పేరున్నవారి చేత పాడించవచ్చు, లేదా ట్రాక్‌నే ఉంచవచ్చు. ఆ నిర్ణయానికి కాగితం ఉండదు, కారణం చెప్పవలసిన పనీ లేదు. అలాంటి చోట ఒక పెద్ద సంగీత దర్శకుడు ‘నాకు ఆయన ముప్పై ఏళ్ళుగా తెలుసు’ అన్నారంటే అది సాక్ష్యం కిందికి రాకపోయినా, వింటున్న చిన్న కళాకారులకు ఎటు నిలబడాలో చెప్పే సూచన అవుతుంది.

ఇంకో దారి ఉందని కూడా ఆ మూడు నెలలే చూపాయి. కర్ణాటక సంగీత, నృత్య రంగాలకు చెందిన సుమారు 200 మంది కళాకారులు బాధితుల పక్షాన ఉమ్మడి ప్రకటన చేశారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆ డిసెంబరు ఉత్సవాల నుంచి ఆరోపణలు వచ్చిన ఏడుగురిని పక్కన పెట్టింది. వారు దోషులని అకాడమీ తీర్పు చెప్పలేదు, వేదిక మాత్రం ఇవ్వలేదు. గురువు మాట దాటని సంప్రదాయంలో ఇది చిన్న నిర్ణయం కాదు.

అదే డిసెంబరులో ముంబయి నుంచి ఇందుకు పూర్తిగా ఎదురైన మాట వినిపించింది. పలువురు గాయనుల ఆరోపణల తర్వాత సంగీత దర్శకుడు అనూ మాలిక్‌ను టెలివిజన్ పాటల పోటీ న్యాయనిర్ణేత స్థానం నుంచి తప్పించగా, సోనూ నిగమ్ ఒక సభలో ఆయన పక్షాన మాట్లాడుతూ రుజువు ఎక్కడుందని, ఒకరి జీవనోపాధిని ఎలా లాక్కుంటారని అడిగారు. 2020 జనవరిలో జాతీయ మహిళా కమిషన్ తగిన ఆధారాలు లేవని ఆ ఫిర్యాదును ముగించింది. అనూ మాలిక్ మొదటి నుంచీ ఆరోపణలను తోసిపుచ్చారు. ఇవి దాచవలసిన విషయాలు కావు. అయితే నాలుగు గోడల మధ్య జరిగిందని చెప్పే సంఘటనకు రుజువు చూపమని ఒక ప్రసిద్ధ గాయకుడు వేదిక మీద నుంచి అడిగినప్పుడు, ఉపాధి పోతుందన్న బాధ ఒకవైపుకే వర్తించింది. అవకాశాలు పోగొట్టుకున్న గాయనుల ఉపాధి ఆ లెక్కలోకి రాలేదు.

ఇలాంటి సమర్థన ఎంత దూరం పోగలదో 2018కి మూడేళ్ళ ముందే తెలిసింది. 2002 నాటి బాంద్రా కారు ప్రమాదం కేసులో 2015 మే నెలలో సల్మాన్ ఖాన్‌కు ముంబయి సెషన్స్ కోర్టు ఐదేళ్ళ శిక్ష విధించిన రోజున గాయకుడు అభిజీత్ భట్టాచార్య నటుడికి మద్దతుగా, రోడ్లు పేదలు పడుకోవడానికి కావంటూ, అక్కడ నిద్రించేవారిని కుక్కలతో పోల్చారు. అదే ఏడాది డిసెంబరులో బొంబాయి హైకోర్టు సల్మాన్‌ను నిర్దోషిగా ప్రకటించింది, కానీ ఆ మాటలు చెరిగిపోలేదు. ఇచ్ఛాపురం నుంచి బొబ్బిలి దాకా కూలి కోసం వలసపోయినవారు లేని ఊరు అరుదు గనుక, రోడ్డు పక్కన పడుకునేది ఎవరో ఈ జిల్లాలవారికి ఎవరూ చెప్పనక్కర లేదు.

సమర్థించేవారు ఇక్కడ తరచూ ఘంటసాల ఉదంతం గుర్తుచేస్తారు. విజయనగరంలో చదువుకుంటున్నప్పుడు తోటి విద్యార్థుల తప్పు తన మీద పడి ఆయన వసతి కోల్పోయారని, వారాలిచ్చే ఇళ్ళు కూడా తలుపులు మూశాయని, ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నారని ఆయన జీవితకథల్లో ఉంది. అప్పుడు చేరదీసి ఉచితంగా సంగీతం నేర్పినవారు పట్రాయని సీతారామశాస్త్రి. నింద మోసేవాడికి అండగా నిలవడం మన గడ్డ మీది సంప్రదాయమే అనడానికి దీన్ని చూపుతారు. కానీ అక్కడ నింద పడింది వారాలతో కడుపు నింపుకునే పిల్లవాడి మీద, అండ ఇచ్చింది గురువు. ఆ అండ వల్ల ఎవరి నోరూ మూతపడలేదు. నేడు అండ పొందుతున్నవారు అవకాశాలు పంచే స్థానంలో ఉన్నారు.

2024 సెప్టెంబరులో నృత్య దర్శకుడు జానీ మాస్టర్‌ను, బాలలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద అరెస్టు చేసి, ఆపై ఆయనకు ప్రకటించిన జాతీయ అవార్డును నిలిపివేశాక ఇంకో చిక్కు బయటపడింది. అక్టోబరులో ఆయనకు బెయిలు వచ్చింది, నిజానిజాలు కోర్టు తేల్చవలసినవి. ఇలాంటి కేసుల్లో ఫిర్యాదు చేసిన వ్యక్తి పేరు బయటపెట్టడాన్ని చట్టం నిషేధించింది. అది ఆమె రక్షణకే. అయితే నిందితుడి కోసం ప్రముఖులు ఎన్ని వేదికలెక్కి అయినా మాట్లాడవచ్చు గానీ, ‘ఆ అమ్మాయి మాకు తెలుసు, అబద్ధం చెప్పదు’ అనడానికి ఆమె స్నేహితులకు మాత్రం దారి లేదు.

పెళ్ళిళ్ళకు, జాతరలకు పాడే మన ఆర్కెస్ట్రా బృందాల్లో పదిమంది కూడా లేనివి ఎన్నో. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం అలాంటి చోట పనిచేసే స్త్రీలు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు, యజమాని మీదే అయినా సరే. గడువు మూడు నెలలు, తగిన కారణం చూపితే ఇంకో మూడు నెలలు. చిన్మయికి నోరు విప్పడానికి దశాబ్దానికి పైగా పట్టింది.