ఏరు వెనక్కి పారే చోట

చిన్నూకి, అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

నేను పంపిన వీడియో చూసి అమ్మలు అడిగింది కదా, "తాతయ్యా, నీళ్లలో ఆ కర్ర కొండలవైపు కొట్టుకుపోతోందేంటి? ఏరు సముద్రం వైపు కదా పారాలి?" అని. ఫోనులో సగం చెప్పేసరికి మీ అమ్మ అన్నానికి పిలిచింది. మిగతాది కాగితం మీద పెడుతున్నాను. చాలా మంచి ప్రశ్న అది. నాతో నడిచిన పెద్దవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

లిస్బన్‌లో మీ పిన్ని వాళ్లింటి నుంచి రైలెక్కి, పోర్చుగల్ ఆగ్నేయ మూలకు వచ్చాం. ఇక్కడి నది పేరు గ్వాదియానా. స్పెయిన్‌లో పుట్టి, 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, ఆఖర్న రెండు దేశాలకూ సరిహద్దుగా నిలిచి అట్లాంటిక్ సముద్రంలో కలుస్తుంది. ఈ గట్టు పోర్చుగల్, ఆ గట్టు స్పెయిన్. గట్టుకీ గట్టుకీ గడియారంలో గంట తేడా. ఇక్కడ పదకొండు కొడితే, అవతల బట్టలారేస్తున్న ఆవిడకి పన్నెండు.

ఇక కర్ర సంగతి. మనూరి పెళ్లి పందిరి గుర్తు తెచ్చుకోండి. నదిని ఆడపెళ్లివారు అనుకోండి. వాళ్లు లోపలి నుంచి నింపాదిగా ఒకరి వెనక ఒకరు గుమ్మం వైపు వస్తూనే ఉంటారు. సముద్రం మగపెళ్లివారు. రోజుకు రెండుసార్లు మేళతాళాలతో ఊడిపడతారు. వాళ్లు గుమ్మంలోకి తోసుకొచ్చేసరికి ఎదురుకోలుకు నిలబడ్డవాళ్లు వెనక్కి జరుగుతారు, వాళ్ల వెనకవాళ్లు ఇంకాస్త జరుగుతారు. చివరికి పెరట్లో వంకాయలు తరుగుతున్న మామ్మ కూడా పీట వెనక్కి జరుపుకోవాలి. ఆవిడ మగపెళ్లివారిలో ఒక్కరి ముఖం చూడలేదు, అయినా ఆ తోపు ఆవిడ దాకా వచ్చింది. ఉప్పునీరు నదిలోకి కొంతదూరమే వస్తుంది, తోపు మాత్రం ఇంకా చాలా దూరం పోతుంది. గ్వాదియానాలో అది సముద్రం నుంచి సుమారు 70 కిలోమీటర్లు లోపలికి, మెర్తోలా అనే ఊరి దాకా తగులుతుంది. మీరు వీడియోలో చూసింది ఆ తోపే. ఆరేసి గంటలయ్యాక మేళం ఆగుతుంది, మగపెళ్లివారు విడిదికి మళ్లుతారు, కర్ర మళ్లీ సముద్రం దారి పడుతుంది. మేళం వాయించేది చంద్రుడు. పున్నమికీ అమావాస్యకీ సూర్యుడు కూడా డోలు అందుకుంటాడు, ఆ రోజుల్లో నది ముఖం దగ్గర నీళ్లు మూడు మీటర్ల దాకా లేస్తాయి. అంత దూరాన ఉన్న చంద్రుడు నీళ్లను ఎలా కదిలిస్తాడో మీ సైన్సు టీచరుగారు బొమ్మ గీసి చెప్తారు. నేను నడక కబుర్లు చెప్తాను.

రెండు పెళ్లివారూ కలిసి కూర్చునే పందిరే కాస్త్రో మరీం చిత్తడినేల. పోటుకు, అంటే సముద్రం లోపలికి తోసుకొచ్చినప్పుడు, మునిగి, పాటుకు, అంటే వెనక్కి తీసినప్పుడు, తేలే నేల అది. పోర్చుగల్ ప్రధాన భూభాగంలో 'నేచర్ రిజర్వ్' అనే పేరుతో మొట్టమొదట ప్రకటించింది దీన్నే, 1975లో. అందరూ ఇక్కడ బతకలేరు. ఉప్పుకూ తీపికీ తట్టుకోగల మొక్కలే ఉంటాయి. ఒకటి తుంచి చూశాను. ఆకులు లేవు. కణుపు మీద కణుపుగా పచ్చటి పుల్లలు, నలిపితే నీళ్లు చిమ్మాయి, నోట్లో వేసుకుంటే ఉప్పన. మన ఉప్పుమడుల గట్ల మీద మీ మామ్మ కోసుకొచ్చే ఇలకూర రుచి తగిలింది. ఇక్కడివాళ్లు కూడా దాన్ని వంటల్లో వేస్తారు.

కాలిబాట ఉప్పుమడుల గట్ల మీదుగా పోతుంది. మెత్తటి నేల, ఎత్తుపల్లాలు లేవు. పొడుగు ఎర్రకాళ్ల పిట్టలు అడుగు తీసి అడుగు వేస్తూ మన పక్కనే మేస్తుంటాయి. దూరంగా రాజహంసలు తలలు తలకిందులుగా ముంచి నీళ్లు వడకడుతున్నాయి. ఉప్పునీటిలో పెరిగే సన్నరొయ్యలూ నాచూ తినడం వల్లే వాటికి ఆ గులాబీ రంగు. పులికాట్‌కి వచ్చే రాజహంసలకీ అంతే.

గట్టు మీద ఒకాయన మడి పని చేసుకుంటుంటే నేను కదల్లేకపోయాను. పొడుగాటి కర్ర చివర అడ్డచెక్క బిగించిన పార. నా చిన్నప్పుడు నౌపడలో మా నాన్న చేతిలో ఉన్నదే. రెండు మడుల పద్ధతీ ఒకటే. పోటు వచ్చినప్పుడు తూము తీసి నీళ్లు పెద్ద చెరువులోకి పెట్టుకోవాలి. తర్వాత లోతు తక్కువ మడిలోకి, అక్కణ్నుంచి ఇంకా తక్కువ దాంట్లోకి. ఎండా గాలీ నీళ్లు తాగేస్తాయి, ఉప్పు మిగులుతుంది. మంచి ఎండల్లో, గాలి పడిన సాయంత్రాల్లో నీటిమీద పలచటి ఉప్పుపొర తేలుతుంది. అది మునిగిపోకముందే వలలాంటి గరిటెతో పైపైన తీస్తారు. అదే ఇక్కడ ఖరీదైన ఉప్పు.

నాకు అప్పగించిన పని తూము పలక. పున్నమి రాత్రుళ్లు నాన్న నన్ను నిద్ర లేపి లాంతరు చేతికిచ్చేవారు. కాలువలో నీళ్లు ఆగి, ఓ క్షణం ఎటూ కదలకుండా నిలబడి, లోపలికి తిరిగేవి. అప్పుడు "ఊఁ, ఎత్తు" అనేవారు. కాళ్లనిండా ఉప్పు కోసిన పుళ్లు, నీళ్లు తగిలితే భగ్గుమనేవి. నాన్నకి చదువు లేదు. అయినా ఆ నెలలో ఏ రోజు ఎన్నింటికి పోటొస్తుందో వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టి చెప్పేవారు. చేతిపని చేసేవాళ్ల దగ్గర నిలబడి చూడండి పిల్లలూ, అడగండి. ఏ పుస్తకం తెరవడానికైనా ముందు అది చెయ్యండి.

మడుల పైన గుట్టమీద కాస్త్రో మరీం కోట. క్రీస్తు సైనికుల సంఘం 1319లో మొదట కొలువు తీరింది ఇక్కడే. తర్వాత తొమార్ అనే ఊరికి మారింది. కోట గోడ మీద నిలబడితే మడులు, నది, దాని మీద 1991లో తెరిచిన వంతెన, అవతల స్పెయిన్ ఇళ్లు, అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. తెల్ల కొంగలు ఇక్కడ స్తంభాల మీదా పాత గోడల మీదా గూళ్లు పెట్టుకుంటాయి. ముక్కులు టకటకలాడించి పలకరించుకుంటాయి. మన తేలినీలాపురం కొంగలు చింతచెట్ల మీద చేసే చప్పుడే.

అక్కణ్నుంచి ఏటివెంట పైకి నడక. తెలుపు, ఎరుపు గీతలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తే సరైన దారి, గుణకారం గుర్తు వేస్తే తప్పు దారి. బాటను కనిపెట్టుకుని ఉండే పని మీలాంటివాళ్లకు అప్పజెప్పాలి. పెద్దవాళ్లం కబుర్లలో పడతాం. దారికి అటూ ఇటూ తుప్పల్లో అరచేయంత తెల్లపూలు, ఐదు రేకులు, ఒక్కో రేకు మొదట్లో ముదురు ఎరుపు మచ్చ. ఆకు ముట్టుకుంటే వేళ్లకు జిగురంటుకుని సాయంత్రం దాకా వాసన వదలదు. ఈ నడకకు వసంతమే మంచిది. వేసవిలో ఇక్కడ మన రోహిణి ఎండలే.

మొంతీన్యో దాస్ లరంజైరాస్ అనే పల్లె దగ్గర, సరిగ్గా ఏటి ఒడ్డున, రోమన్ల కాలం నాటి ఇంటి పునాదులు ఉన్నాయి. ఇంకా పైకి పోతే అల్కోటిం. పోర్చుగల్ రాజు ఫెర్నాందో, ఇప్పటి స్పెయిన్‌లోని కాస్తీల్ రాజ్యానికి రాజు ఎన్రీకే 1371లో సంధి చేసుకున్న ఊరు. ఎదురు ఒడ్డున స్పెయిన్ వాళ్ల ఊరు, పిలిస్తే పలికేంత దగ్గర.

ఆఖరికి మెర్తోలా. పెరట్లో పీట జరుపుకున్న మామ్మ గుర్తుందా? ఆవిడ ఉన్నది ఇక్కడ. ఓడలు మేళంతో పాటే లోపలికి వచ్చేవి. పోటు ఎత్తుకుంటే పైకి, పాటుతో కిందికి. ఆ తోపు ఎక్కడ ఆగిందో అక్కడే రేవు వెలిసింది, రేవు చుట్టూ ఊరు. రోమన్లు ఈ రేవు నుంచే ఖనిజాలు పంపారు. తర్వాత ముస్లింలు వచ్చారు, 12వ శతాబ్దంలో కొండవాలున మసీదు కట్టారు. 1238లో క్రైస్తవ సైనికులు ఊరు గెలిచి దాన్నే చర్చి చేసుకున్నారు. లోపలికి వెళ్లి చూశాను. మక్కా దిక్కు చూపే గూడు ఇప్పటికీ ఆ గోడలో ఉంది, గుర్రపులాడం ఆకారపు గుమ్మాలు ఉన్నాయి. ఆ గూటి ముందు దేవుడి పీఠం, కొవ్వొత్తులు. ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటోంది. పెద్దయ్యాక ఏదైనా పాతగోడ మీ చేతికొస్తే, గునపం ఎత్తేముందు అందులో ఏముందో ఒకసారి తడిమి చూడండి.

ఇక మీకో పని. వచ్చే పున్నమికి నాన్నతో కలిసి భావనపాడు కాలువ గట్టుకు వెళ్లండి. బురదలోకి దిగొద్దు, అది మోకాలు దాకా పట్టేస్తుంది. నీటి అంచున ఓ పుల్ల గుచ్చి, నీళ్లు దాన్ని దాటి ఎక్కడం ఎప్పుడు ఆపాయో టైము రాయండి. ఆ రాత్రి చంద్రుడు ఎన్నింటికి లేచాడో పక్కన రాయండి. నాలుగు రోజులు వరసగా రాసి, ఆ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూసి, ఏం కనిపించిందో నాకు చెప్పండి. చిన్నూ టైము చూస్తాడు, అమ్మలు రాస్తుంది. చిన్నూ చేతిరాత నాకు అర్థం కాదు.

ప్రేమతో,
తాతయ్య