నొప్పి ఎక్కడ పుడుతుంది? నడుం నొప్పివాళ్లు నమ్మే కొన్ని అపోహలు - వాస్తవాలు

చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లయినా, నెల్లూరు మాగాణిలో వంగి నాట్లేసే ఆడవాళ్లయినా ఫిజియోథెరపీకి వచ్చేది ఎక్కువగా నడుం నొప్పితోనే. చెప్పే మాటలూ దాదాపు ఇవే.

అపోహ: నొప్పి దెబ్బ తగిలినచోట పుడుతుంది, నరం దాన్ని మెదడుకు మోస్తుంది.

వాస్తవం: నరం మోసేది ప్రమాద సంకేతాన్ని. దాన్ని నొప్పిగా మార్చేది మెదడు. గడప తగిలి బొటనవేలు చితికితే ముందు చురుక్కుమంటుంది, కాస్త ఆగి సలుపు మొదలవుతుంది. ఎందుకంటే నరంలో రెండు రకాల పోగులుంటాయి: చురుకును మోసే ఏ-డెల్టా పోగుల్లో సంకేతం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు పోతుంది, సలుపును మోసే సి పోగుల్లో 2 మీటర్లకు మించదు. వేలి నుంచి వెన్నుపాముకు దూరం సుమారు మీటరు, కాబట్టి రెండోది ఆలస్యంగా చేరుతుంది. ఈలోగా చేత్తో రుద్దుకుంటాం చూడండి, అది ఉత్తి అలవాటు కాదు. స్పర్శ సంకేతాలు వెన్నుపాములోనే నొప్పి సంకేతాన్ని కొంత అణచగలవని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. మెదడు కూడా పైనుంచి దాన్ని పెంచగలదు, తగ్గించగలదు. నిద్ర చాలకపోయినా, భయం పట్టుకున్నా అదే నడుం ఇంకా ఎక్కువ నొప్పెడుతుంది.

అపోహ: మంటగా ఉందంటే అక్కడ ఏదో కాలినట్టే.

వాస్తవం: చేపల పులుసులో కారం ఎక్కువైతే నోరు మండుతుంది గానీ కాలదు. నరాల కొసల్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. దాన్నే మిరపలో కారాన్నిచ్చే క్యాప్సైసిన్ కూడా తెరుస్తుంది. దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, అందుకే చెంబుడు నీళ్లు తాగినా మంట పోదు. పెరుగన్నం తినండి.

అపోహ: ఎంఆర్‌ఐ స్కాన్‌లో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బింది, కాబట్టి నొప్పి దానివల్లే.

వాస్తవం: నొప్పే లేనివాళ్ల స్కాన్‌లపై 33 అధ్యయనాలను కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. 20 ఏళ్లవాళ్లలో 30 శాతానికి, 50 ఏళ్లవాళ్లలో 60 శాతానికి డిస్క్ ఉబ్బే ఉంది. రిపోర్టు చేతికి రాగానే బరువెత్తడం మానేసి మంచమెక్కేవాళ్లకు ఈ అంకెలు చెప్పి తీరాలి. అలాగని స్కాన్‌లో ఏమీ కనిపించనివాళ్లు నటిస్తున్నట్టు కాదు. నెలల తరబడి సంకేతాలు అందితే వెన్నుపాము, మెదడు సున్నితమైపోయి, గాయం మానినా నొప్పి నిలిచిపోవచ్చు.

అపోహ: నొప్పి లేదు, ఇబ్బందేం లేదు.

వాస్తవం: షుగర్ ఉన్నవాళ్లకు ఇదే ప్రమాదం. నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ తగ్గితే, రొయ్యల చెరువు గట్ల మీద ఉత్తికాళ్లతో తిరుగుతూ ముల్లు దిగినా తెలియదు, చీము పట్టాక చూస్తారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే సన్నని దారాన్ని అది వంగేదాకా అరికాలికి ఆనించి పరీక్షిస్తారు. ఆ స్పర్శ తెలియకపోతే చెప్పుల్లేకుండా అడుగు వేయకూడదు, రోజూ రాత్రి అద్దంలో అరికాళ్లు చూసుకోవాలి.

అపోహ: తగ్గేదాకా కదలకూడదు.

వాస్తవం: ఒకట్రెండు రోజులు చాలు. తర్వాత నడవండి. 10 నిమిషాలకు నొప్పి పెరుగుతుంటే 8 నిమిషాలకే ఆపండి, రోజుకు రెండుసార్లు నడిచి వారానికి ఒక నిమిషం చొప్పున పెంచండి. బాగున్న రోజున మొత్తం చేసేసి మర్నాడు పడకేయడమే అందరూ చేసే పొరపాటు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవక వేలాడిపోతున్నా మాత్రం వ్యాయామాలు పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.