పచ్చదనం దిగింది, వైరస్ దిగలేదు

శ్రీకాకుళం పల్లెల్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ముందు గుర్తొచ్చేది పసరు. మూడు పూటలు తాగి, పత్యం చేస్తే కామెర్లు దిగిపోతాయంటారు. చాలామందికి నిజంగానే దిగిపోతాయి. కలుషిత నీటితో వచ్చే ఎ, ఇ రకాల హెపటైటిస్ (వైరస్‌తో కాలేయానికి వచ్చే వాపు) ఎక్కువమందిలో కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. పేరు పసరుకు దక్కుతుంది. చిక్కంతా రక్తం ద్వారా సోకే బి, సి రకాలతోనే. కళ్లు తెల్లగానే ఉన్నా అవి ఏళ్లతరబడి కాలేయంలో కాపురముంటాయి.

బి వైరస్ జాడ పట్టినందుకు అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ వచ్చింది. మన పసరు సంగతీ ఆయన వదల్లేదు. 1988లో మద్రాసు పరిశోధకులతో కలిసి, పసరుకు వాడే నేలఉసిరి ఇచ్చిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ పైపొర ప్రోటీన్ కనబడకుండా పోయిందని ప్రకటించారు. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

బి వైరస్ అంత మొండిగా ఎలా ఉంటుందో కణం లోపలికి వెళ్తేగాని అర్థం కాలేదు. ఆ వైరస్ తయారుచేసే 154 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ‘ఎక్స్’, కాలేయ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పైపొరలోని ఒక ద్వారానికి అతుక్కుంటుందని 2000 ప్రాంతంలో తెలిసింది. దాంతో లోపలి విద్యుత్ బలం పడిపోతుంది. బి వైరస్ మైటోకాండ్రియాను ముక్కలు చేసి, పాడైన ముక్కల్ని కణం చేతే తీసేయిస్తుందని 2013లో తేలింది. కణం చావదు, వైరస్‌కు ఇల్లు చెదరదు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

సి వైరస్ దారి వేరు. మైటోకాండ్రియా పైపొర మీద ‘మావ్స్’ అనే ప్రోటీన్ ఉంటుంది. వైరస్ చొరబడితే, దాన్ని అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ తయారు చేయమని కణాన్ని హెచ్చరించేది అదే. 2005లో దాన్ని గుర్తించారు. సి వైరస్ ప్రోటీన్ ఒకటి దాన్ని కత్తిరించి పొర నుంచి ఊడగొడుతుందనీ ఆ ఏడే బయటపడింది. ఒళ్లు పెద్దగా వెచ్చబడకుండానే ఈ జబ్బు ముదురుతుంది.

కామెర్లు తగ్గాక కూడా బి, సి రక్తపరీక్షలు చేయించుకోమని నేను ప్రాధేయపడేది ఇందుకే. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. సి చాలామందిలో 12 వారాల మాత్రలతో నయమవుతుంది. బిని మందులు అణచి ఉంచుతాయి. మన దేశపు సొంత బి టీకా 1997లో హైదరాబాద్‌లోనే తయారైంది. పసిబిడ్డకు పుట్టిన 24 గంటల్లో తొలి మోతాదు పడాలి. పుట్టుకతో తల్లి నుంచి బి సోకితే పదిమందిలో తొమ్మిదిమంది పిల్లల్లో అది పాతుకుపోతుంది.