రొమ్ముకు రేడియేషన్, చర్మం మీద పుండు: అపోహలు, వాస్తవాలు

రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారిలో చాలా మందికి చర్మం ఎంతో కొంత దెబ్బతింటుంది. కొందరికి రంగు మారి, కొన్నాళ్లు దురద పెట్టి అంతటితో పోతుంది. ఇంకొందరికి పై పొర ఊడిపోయి, రసి కారి, రవిక అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది. నేను రేడియేషన్ విభాగంలో నర్సుని. ఆ చర్మాన్ని చూడడం, కడగడం, కట్టు కట్టడం నా పని. మా దగ్గరికి వచ్చేసరికే చాలా మంది బంధువుల సలహాలు, ఫోనులో తిరిగే సందేశాలు బుర్ర నిండా నింపుకుని ఉంటారు. అందులో కొన్నింటితో హాని లేదు. కొన్ని ఊరికే భయపెడతాయి. కొన్ని మాత్రం పుండును నిజంగానే పెంచుతాయి.

అపోహ: "కరెంటు ఎక్కువ పెట్టి కాల్చేశారు"

చర్మం కమలగానే ఇంట్లో వాళ్లకు యంత్రం మీద, దాన్ని నడిపేవారి మీద అనుమానం వస్తుంది. ఇది వేడికి కాలిన గాయం కాదు. యంత్రం కింద పడుకున్నప్పుడు వేడీ తెలియదు, నొప్పీ తెలియదు. చర్మం అట్టడుగు పొరలోని కణాలు విభజన చెందుతూ పైకి వస్తుంటాయి. అలా చర్మం పూర్తిగా మారడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రేడియేషన్ దెబ్బ ముఖ్యంగా తగిలేది ఆ అడుగు కణాలకు. పై పొర ఎప్పటిలాగే రాలిపోతుంటుంది, కింద నుంచి భర్తీ మాత్రం తగ్గిపోతుంది. భర్తీ మందగిస్తే పొలుసులు లేస్తాయి. ఇంకా కుంటుపడితే తోలు ఊడి రసి కారే చెమ్మ పుండు పడుతుంది. మోతాదు అణువంత తేడా లేకుండా ఇచ్చినా ఇది జరగవచ్చు.

పెద్దవాళ్ల భయానికి ఒక కారణం ఉంది. కోబాల్ట్ యంత్రాలే దిక్కైన రోజుల్లో కిరణాల మోతాదు చర్మం కింద అర సెంటీమీటరులోనే గరిష్ఠానికి చేరేది. ఇప్పుడు వాడే లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రాల్లో 6 మెగావోల్టుల కిరణానికి ఆ లోతు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు. పై చర్మానికి అంత మేరకు ఊరట దొరికింది. కానీ రొమ్ము కింది మడతలో, చంకలో ఆ ఊరట తగ్గిపోతుంది. అక్కడ చర్మం మీద చర్మం ఆనుకుని ఉంటుంది, కిరణం ఏటవాలుగా రాసుకుంటూ వెళుతుంది, దానికి చెమట, రాపిడి తోడవుతాయి. పుండు పడితే ముందు అక్కడే పడుతుంది. రొమ్ము తీసేసినవారికి ఛాతీ చర్మానికి కూడా మోతాదు అందాలని కొన్నిసార్లు బోలస్ అనే మెత్తటి పలక పరుస్తారు. వాళ్ల చర్మం ఎక్కువగా కమలడం ముందే ఊహించిన విషయం. రొమ్ములు పెద్దవిగా ఉన్నవారికి, బరువు ఎక్కువున్నవారికి, పొగ తాగేవారికి కూడా ఇబ్బంది ఎక్కువే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చే పెద్దావిడల్లో అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు ఇప్పటికీ ఉంది. కనీసం ఈ కొన్ని వారాలైనా చుట్ట మానమ్మా అని నేను బతిమాలుకుంటాను.

అపోహ: "చివరి రోజు అయిపోయింది, ఇక తగ్గుముఖమే"

అన్నిటికన్నా ఎక్కువగా నన్ను కలవరపెట్టే అపోహ ఇది.

ఒకప్పుడు రొమ్ముకు రేడియేషన్ అంటే 25 సార్లు, 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత), ఐదు వారాలు. రెండో వారం చివరనో మూడో వారంలోనో రంగు మారడం మొదలై, ఆసుపత్రికి వస్తుండగానే మా కళ్ల ముందే ముదిరేది. రోజూ చూసేవాళ్లం, రోజూ చెప్పేవాళ్లం. తర్వాత బ్రిటన్‌లో జరిగిన స్టార్ట్ ప్రయోగాలు, 2010లో పదేళ్ల ఫలితాలు వెలువడిన కెనడా ప్రయోగం పద్ధతినే మార్చేశాయి. ఇప్పుడు చాలా మందికి 40 గ్రే 15 సార్లుగా, మూడు వారాల్లో పూర్తవుతుంది. 2020లో బ్రిటన్ నుంచే వచ్చిన ఫాస్ట్ ఫార్వర్డ్ ఫలితాల తర్వాత, తగినవారికి 26 గ్రే ఐదు సార్లుగా ఒక్క వారంలోనే ఇస్తున్నారు. రోజుకు ఇచ్చే మోతాదు పెరిగింది కాబట్టి చర్మం ఎక్కువ మాడుతుందని అనుకోకండి. మూడు వారాల పద్ధతిలో పుండ్లు, నొప్పి పాత ఐదు వారాల పద్ధతి కన్నా తక్కువేనని ప్రయోగాల్లో తేలింది.

అయితే చర్మం గడియారం మారలేదు. చికిత్స ముగిసిన తర్వాత కూడా వారం, రెండు వారాల పాటు చర్మం ముదురుతూనే ఉంటుంది. చికిత్స చివరి రోజున చిన్నపాటి నలుపుతో, సంతోషంగా ఊరికి బయలుదేరిన మనిషికి, ఇంటికి చేరిన వారానికి రొమ్ము కింద తోలు ఊడిపోతుంది. అప్పుడు పక్కన నర్సు ఉండదు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఉంటాడు, మందుల దుకాణం ఉంటుంది. అసలు పొరపాట్లన్నీ జరిగేది ఆ రెండు వారాల్లోనే. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. వంటి ప్రభుత్వ ఆసుపత్రులకు దూరపు జిల్లాల నుంచి వచ్చేవారికి ఇది మరీ వర్తిస్తుంది.

కాబట్టి చివరి రోజున ఆసుపత్రి గుమ్మం దాటకముందే కొన్ని చేతిలో ఉండాలి: రాసుకోవాల్సిన క్రీము, తోలు ఊడితే వేసుకోవాల్సిన డ్రెస్సింగ్, నొప్పి మాత్ర పేరు, మోతాదు రాసిన చీటీ, ఫోను చేయాల్సిన నంబరు. వారం పది రోజుల్లో చర్మం చూపించుకోవడానికి తేదీ అడిగి తీసుకోండి. రాలేని పరిస్థితి ఉంటే, పగటి వెలుతురులో తీసిన ఫొటో పంపవచ్చా అని అడగండి. ముదిరిన తర్వాత మానడం కూడా అంతే కచ్చితంగా జరుగుతుంది. చాలా మందికి చికిత్స ముగిసిన నెల రోజులకు కొత్త చర్మం కప్పుకుంటుంది.

అపోహ: "ఎర్రబడలేదు కాబట్టి ఏమీ కాలేదు"

వైద్య పుస్తకాల్లోని బొమ్మలు ఎక్కువగా తెల్లని చర్మానివి. అందులో ఎర్రదనం మొదటి గుర్తు. మన చామనఛాయ, నలుపు చర్మాల్లో ఎరుపు సరిగా కనిపించదు. ముదురు గోధుమ రంగు, ఊదా, బూడిద నలుపు వస్తాయి. చూసేవాళ్లు ఎండకు నల్లబడిందేమో అనుకుని వదిలేస్తారు. వైద్య సిబ్బంది కూడా తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది. అందుకే నేను రంగు ఒక్కటే చూడను. చేతి వెనక భాగంతో తాకి వేడి చూస్తాను, బిగుతు చూస్తాను, దురద ఎంత, మంట ఎంత, రాత్రి నిద్ర పడుతోందా అని అడుగుతాను. మీరు కూడా రెండో వైపు రొమ్ముతో పోల్చి చూసుకోండి. మీకు మంటగా ఉంటే, ఎవరు చూసి బాగానే ఉందన్నా సరే, ఆ మాట గట్టిగా చెప్పండి.

అపోహ: "నీళ్లు తగలకూడదు, స్నానం మానేయాలి"

బ్రిటన్‌లో 1992లోనే దీని మీద ప్రయోగం చేశారు. నీళ్లతో, సబ్బుతో కడుక్కున్నవారికి, కడుక్కోకుండా ఉన్నవారి కన్నా చర్మం బాగుంది. చెమట, మృతకణాలు, పాత క్రీము పేరుకుపోతేనే ఇబ్బంది. గోరువెచ్చని నీళ్లు, ఘాటు వాసన లేని సబ్బు, అరచేతితో మెల్లగా కడగడం, మెత్తని పాత నూలు గుడ్డతో అద్దడం, అంతే. పొగలు కక్కే వేడినీళ్లు వద్దు. సున్నిపిండి, పీచు, తువ్వాలుతో రుద్దడం వద్దు. కిరణాలు ఇవ్వాల్సిన చోటుకు గుర్తుగా సిబ్బంది గీసిన గీతలు చెరిగిపోతే మీరే మళ్లీ గీసుకోకండి, వచ్చి చెప్పండి. చర్మం పగలనంత వరకు డియోడరెంట్ వాడవచ్చు. చంకలో బ్లేడు మాత్రం పెట్టకండి.

అపోహ: "ఏ క్రీమైనా రాస్తే కిరణాలతో కలిసి కాలుతుంది"

పలచగా, ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకుండా రాసిన క్రీము వల్ల చర్మానికి అందే మోతాదు పెద్దగా మారదని 2018లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధన చూపించింది. మందంగా పూస్తే పెరుగుతుంది. అందుకే నా సలహా: చికిత్సకు వచ్చే ముందు మందపాటి పూతలేవీ ఉండకూడదు, మిగతా సమయంలో సువాసన లేని మాయిశ్చరైజర్ రోజుకు రెండు మూడు సార్లు.

కలబంద గురించి ఎక్కువగా అడుగుతారు. రాస్తే చల్లగా ఉంటుంది, నిజమే. కానీ ప్రయోగాల్లో అది పుండ్లను ఆపలేకపోయింది. పెరట్లో మట్టను కోసి, ఆ జిగురును పగిలిన చర్మం మీద పెట్టడం మాత్రం సూక్ష్మక్రిములను ఆహ్వానించడమే. పసుపు సంగతీ అంతే. అమెరికాలో 686 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు పసుపులోని కర్క్యుమిన్‌ను మాత్రలుగా ఇచ్చి చూశారు. 2018లో వచ్చిన ఫలితాల్లో చర్మానికి తేడా కనిపించలేదు. కూరలో పసుపు హాయిగా తినండి. స్నానానికి ముందు ఆ వైపు రుద్దుకోవడం మాత్రం ఈ కొన్నాళ్లు ఆపండి.

మంచి ఆధారాలున్న మందునే మన వాళ్లు తీసుకోవడానికి భయపడతారు. అది స్టెరాయిడ్ క్రీము. మొమెటసోన్ వంటివి మొదటి రోజు నుంచే పలచగా రాస్తే తీవ్రమైన కమలడం, దురద, మంట తగ్గుతాయి. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు రొమ్ము రేడియేషన్‌లో దీన్ని సిఫారసు చేశాయి. భయం ఎక్కడ నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. మొహం తెల్లబడాలని మందుల దుకాణంలో కొని నెలల తరబడి రాసుకుని చర్మం పాడుచేసుకున్నవారు మన మధ్యే ఉన్నారు. ఇది ఆ వాడకం కాదు. వైద్యులు రాసిన క్రీము, చెప్పిన చోట, చెప్పిన వారాలే, పగలని చర్మం మీదే. దుకాణంవాళ్లు చేతిలో పెట్టే క్లోబెటసోల్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన ట్యూబులు దీనికి ప్రత్యామ్నాయం కావు. అవే మార్గదర్శకాలు చర్మానికి అంటుకుని ఉండే సిలికాన్ ఫిల్మ్‌ను కూడా సిఫారసు చేశాయి. రాపిడిని అది బాగా ఆపుతుంది. ఖరీదు ఎక్కువ, అన్నిచోట్లా దొరకదు. కొనగలిగినవారు మొదట్లోనే అడగండి.

అపోహ: "పుండు ఎండిపోవాలి, గాలికి ఆరబెట్టాలి"

ఊదారంగు జెన్షియన్ వయొలెట్ పూయడం, ఫ్యాను కింద గంటల తరబడి కూర్చోవడం, పౌడరు చల్లడం అన్నీ ఈ నమ్మకం నుంచి వచ్చినవే. ఎండిన చర్మం బిగుసుకుని పగులుతుంది, కదిలితే నొప్పి రెట్టింపు అవుతుంది. పౌడరు రసితో కలిసి ముద్ద కట్టి, దాన్ని తీయడమే ఒక బాధ అవుతుంది. ఆ రంగు కింద పుండు ఎలా ఉందో మాకు కనిపించదు కూడా. కొత్త కణాలు పాక్కుంటూ పుండును కప్పడానికి కొంచెం తేమ కావాలి. సెలైన్‌తో మెల్లగా కడిగి, అంటుకుపోని మెత్తని సిలికాన్ డ్రెస్సింగ్ వేస్తే నొప్పి అప్పటికప్పుడు దిగుతుంది. మామూలు దూది, గాజుగుడ్డ నేరుగా పెట్టకండి. అతుక్కున్నదాన్ని లాగితే కొత్త చర్మం కూడా వచ్చేస్తుంది. ఐసు ముక్క నేరుగా పెట్టకండి. సిల్వర్ సల్ఫాడయాజిన్ అనే క్రీము రాయమంటే, మీకు సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి ముందే చెప్పండి.

అపోహ: "వేడి చేసేవి తింటే పుండు రేగుతుంది, పప్పు తింటే చీము పడుతుంది"

గుడ్డు, చేపలు, మాంసం, వంకాయ, పప్పు అన్నీ మానేసి మజ్జిగన్నంతో వారాలు గడిపేవారిని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. కీమోతో ముందే నీరసించిన ఒళ్లు అది. కొత్త చర్మం కట్టుకోవడానికి కావలసింది మాంసకృత్తులే. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు, ఇంట్లో అలవాటైనవి ఏవైనా పెట్టండి. చీము పట్టించేవి సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు.

అపోహ: "ఒంట్లో కిరణాలుంటాయి, పిల్లలను దూరంగా ఉంచాలి"

బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ యంత్రం ఆగగానే ఆగిపోతుంది. వేరే కంచం, వేరే గది అక్కర్లేదు. మనవడిని ఎత్తుకోండి, నొప్పి లేని వైపు.

అపోహ: "నొప్పి అని చెబితే చికిత్స ఆపేస్తారు"

ఈ భయంతో చంక దగ్గర పుండును పైటతో కప్పుకుని, పళ్లు బిగబట్టి రోజులు లాగేవారు చాలా మంది. సిగ్గు కూడా ఒక కారణం. మగవాళ్ల ముందు చూపించలేకపోతే నర్సును పిలవమని అడగండి, అది మీ హక్కు. తొందరగా చెబితే క్రీము, డ్రెస్సింగ్, నొప్పి మాత్రలతో నెట్టుకురావచ్చు. ఆలస్యం చేస్తేనే విరామం ఇవ్వాల్సిన పరిస్థితి వస్తుంది. ఆ నిర్ణయం వైద్యులది. మీ అంతట మీరు రోజులు మానేయకండి. మామూలు మంటకు పారాసిటమాల్, చెమ్మ పుండుకు అంతకన్నా బలమైన మాత్రలు అవసరం కావచ్చు. వాడడంలో తప్పేమీ లేదు. మాత్ర వేసుకునే ముందు జ్వరం చూసుకోండి, మందు జ్వరాన్ని దాచేస్తుంది.

రాపిడి తగ్గితే సగం నొప్పి తగ్గుతుంది. బిగుతు రవిక, తీగ ఉన్న బ్రా పక్కన పెట్టి, వదులైన నూలు నైటీ, పాత మెత్తటి బనియను వేసుకోండి. పుస్తెలతాడు గురించి అడగడానికి చాలా మంది మొహమాటపడతారు. చికిత్స సమయంలో లోహం ఆ చోట ఉండకూడదు. మిగతా వేళల్లో మెడ కింద, రొమ్ము మీద ఒరుసుకుంటుంటే తోలు లేచిపోతుంది. తీయమని నేను ఎవరినీ బలవంతపెట్టను. కొందరు దేవుడి దగ్గర పెట్టుకున్నారు, కొందరు మణికట్టుకు చుట్టుకున్నారు, కొందరు గొలుసుకు మెత్తటి నూలుగుడ్డ తొడిగారు. మీ మనసుకు ఏది సరిపోతే అది చేయండి, చర్మానికి మాత్రం తగలనివ్వకండి.

100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు మించిన జ్వరం, చీము, దుర్వాసన, చుట్టూ పాకుతున్న వాపు, రోజురోజుకూ పెరిగే నొప్పి ఉంటే తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

అపోహ: "మానిపోయింది కాబట్టి ఆ చోటు ఇక మామూలే"

నలుపు నెలల తరబడి మెల్లగా తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. మెడ కింది భాగానికి కూడా కిరణాలు ఇచ్చినవారికి వీపు పైభాగంలో ఒక నల్లటి మచ్చ కనిపించవచ్చు. కొత్త జబ్బేమోనని హడలిపోతారు. కిరణం బయటికి వెళ్లిన దారి అది. రవిక మెడ పైన కనిపించే చర్మానికి కనీసం ఏడాది పాటు ఎండ తగలకుండా పైట కప్పండి, సన్‌స్క్రీన్ రాయండి. ఇంకొకటి: కొన్ని క్యాన్సర్ మందులు, అరుదుగా యాంటీబయాటిక్‌లు, మానిన ఆ చోటనే మళ్లీ మంట, ఎరుపు రేపగలవు, అదీ నెలలు గడిచాక. అందుకే ఎవరు ఏ కొత్త మందు రాసినా, మీకు ఏ వైపు, ఏ నెలలో రేడియేషన్ అయిందో ముందే చెప్పండి, డిశ్చార్జి కాగితం చూపించండి.