ఒక్క మెతుకు పట్టి చూస్తే

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ప్రోగ్రామర్లు రోజూ వాడే కొన్ని టూల్స్ సరిగ్గా ఈ నమ్మకం మీదే నడుస్తాయి. బయటి నుంచి వచ్చిన డేటాలో ఓ ముక్క చూపిస్తే చాలు, ఏది అంకె, ఏది తేదీ, ఏది పేరు అన్నది ఊహించి, ఆ డేటా పట్టే అచ్చును కోడ్ రూపంలో అవే రాసిపెడతాయి. ఆ అచ్చునే క్లాస్ అనీ, డేటా మోడల్ అనీ అంటాం. రెండొందల ఫీల్డులున్న ఫైలుకు ఆ అచ్చు చేత్తో రాయాలంటే ఒక పూట పోతుంది, పైగా ఎక్కడో ఒక స్పెల్లింగ్ తప్పు ఖాయం. టూల్ క్షణంలో రాసేస్తుంది. చిక్కల్లా అది చూసిన మెతుకుతోనే.

డేటాను ట్యాగుల మధ్య, అంటే కోణపు బ్రాకెట్లలో పెట్టిన పేర్ల మధ్య, రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో ఉన్న ఈ చిన్న బిల్లు చూడండి:

<బిల్లు రాష్ట్రం="36">
  <తేదీ>03/04/2024</తేదీ>
  <సరుకు ధర="40">బెల్లం</సరుకు>
</బిల్లు>

ట్యాగులు తెలుగులో ఉన్నాయేంటి అనుకోకండి. 1998లో వచ్చిన మొదటి ఎక్స్‌ఎంఎల్ ప్రమాణమే తెలుగు అక్షరాలతో పేర్లు పెట్టుకోనిచ్చింది, మనమే వాడుకోలేదు.

టూల్ 36ను చూసి పూర్ణాంకం అనుకుంటుంది. జీఎస్టీలో అది తెలంగాణ కోడు, ఆంధ్రప్రదేశ్‌ది 37. వరంగల్, విజయవాడ బిల్లులు వస్తున్నంతకాలం ఏ గొడవా లేదు. ఢిల్లీ బిల్లు వచ్చిందనుకోండి, దాని కోడు 07. పూర్ణాంకంగా మారగానే ముందున్న సున్నా ఎగిరిపోయి 7 మిగులుతుంది. రాష్ట్రాల కోడుల్ని ఎవరైనా కూడతారా, తీసేస్తారా? లెక్క చేయనిది అంకెల్లో రాసినా అంకె కాదు, అక్షరాలే. ఇక తేదీ ఏప్రిల్ 3 కావచ్చు, అమెరికా పద్ధతిలో మార్చి 4 కావచ్చు. పదమూడో తేదీ బిల్లు వచ్చేదాకా బండారం బయటపడదు. ధర 40 కూడా పూర్ణాంకమే అనుకుంటుంది. రేపు 42.50 వస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. అలా ఆగిపోవడమే నయం, కనీసం తప్పు కళ్లబడుతుంది.

అసలు ప్రమాదం ఆ బెల్లం దగ్గర ఉంది. జేసన్ అనే మరో డేటా ఫార్మాట్‌లో జాబితాకు చదరపు బ్రాకెట్లు పెడతారు కాబట్టి లోపల ఒక్కటే ఉన్నా అది జాబితా అని తెలిసిపోతుంది. ఎక్స్‌ఎంఎల్‌లో అలాంటి గుర్తేమీ లేదు. ఒక్క సరుకే కనిపిస్తే, బిల్లుకు ఒకటే సరుకు అని టూల్ తీర్మానించేస్తుంది. ఒకసారి నేను టెస్టింగ్‌కు పెట్టుకున్న బిల్లులన్నీ ఒక్క సరుకువే. అసలు బిల్లులు మొదలయ్యాక మూడు సరుకులుంటే ప్రోగ్రాం చివరిదొక్కటే ఉంచుకుని మిగతావి వదిలేసింది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు, మొత్తం మాత్రం తేడా. రెండు రోజులు తల పట్టుకు కూర్చున్నాను.

ఎక్కువ మెతుకులు పట్టి చూస్తే? మంచి టూల్స్ చేసేది అదే. ఎఫ్‌షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి 2012లో టైప్ ప్రొవైడర్లు, అంటే బయటి డేటాను బట్టి టైపులు (డేటా పట్టే అచ్చులు) తయారుచేసే సాధనాలు, వచ్చాయి. నమూనాల నుంచి టైపులు ఎలా పుట్టించాలో టోమాస్ పెట్రిచెక్, డాన్ సైమ్ తదితర పరిశోధకులు 2016లో ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. నమూనాలన్నీ పట్టేంత వెడల్పుగానూ, అంతకు మించి వదులు కాకుండానూ ఉండే టైపు వెతకాలి. ఒకచోట 40, మరోచోట 42.50 ఉంటే దశాంశం. ఒక బిల్లులో తేదీ ఉండి, ఇంకోదాన్లో లేకపోతే అది ఐచ్ఛికం. దర్జీ ఇంట్లో అందరి కొలతలూ తీసుకుని ఒకే చొక్కా కుట్టినట్టు.

అలాగని వెయ్యి నమూనాలు చూపినా తీరని చిక్కు ఒకటుంది. బిల్లుల్లో ఒకటి, రెండు, అలా పది సరుకుల దాకా కనిపించాయి. పదే గరిష్ఠమా, ఎన్నైనా ఉండొచ్చా? పది అనుకుంటే పదకొండోది వచ్చిన రోజు ఊహ తప్పని తేలుతుంది, దిద్దుకోవచ్చు. ఎన్నైనా అనుకున్నాం, నిజంగా పరిమితి పదే అయితే? వచ్చే ప్రతి బిల్లూ ఆ తప్పు ఊహకు సరిపోతూనే ఉంటుంది, తప్పని చెప్పే బిల్లు ఎప్పటికీ రాదు. ఇ. మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు 1967లో గణితపరంగా నిరూపించింది ఈ కోవలోదే. కుదిరే ఉదాహరణలే చూపిస్తూ, కుదరనిది ఒక్కటీ చూపకపోతే, మామూలు వ్యాకరణాల (ఏది కుదురుతుందో చెప్పే నియమాల) కుటుంబాల్లో కూడా అసలుది ఏదో తేల్చే పద్ధతి ఉండదు.

కాబట్టి మాట ముందే రాయించుకోవడం మేలు. 2001లో వచ్చిన ఎక్స్‌ఎంఎల్ స్కీమా చేసేది ఆ పనే. ఈ ఫీల్డు అక్షరాలు, ఇది ఎన్నిసార్లైనా రావచ్చు అని డేటా పంపేవాళ్లే రాసిస్తారు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎక్స్‌జేసీ లాంటి టూల్ ఆ కాగితం చూసే క్లాసులు తయారుచేస్తుంది, ఊహతో పని లేదు. మన దేశంలో 2020లో మొదలైన జీఎస్టీ ఈ-ఇన్వాయిస్‌లకూ ఇలాంటి స్కీమా ఉంది. స్కీమా ఇవ్వని చోట టూల్ రాసిన అచ్చును నేను చిత్తుప్రతిగానే చూస్తాను. కోడులన్నీ అక్షరాలుగా, ధరలన్నీ దశాంశాలుగా మార్చి, జాబితా కాగలిగిన ప్రతిదాన్నీ జాబితా చేశాకే వాడతాను.

ఈ ఊహల దెబ్బ ప్రోగ్రామర్లకే పరిమితం కాలేదు. మనిషి జన్యువుల్లో ఒకదాని పేరు మార్చ్1. ఎక్సెల్‌లో టైప్ చేస్తే అది మార్చి ఒకటో తేదీ అయి కూర్చునేది. పరిశోధనల డేటాలో ఈ తప్పులు పేరుకుపోయాక, జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ విసిగి 2020 నాటికి పేర్లే మార్చేసింది. మార్చ్1 కాస్తా మార్చ్‌ఎఫ్1 అయింది, సెప్ట్1 సెప్టిన్1 అయింది. ఆ మార్పిడిని ఆపుకునే సెట్టింగ్ ఎక్సెల్‌లోకి 2023లో వచ్చింది. జన్యువులకు మాత్రం కొత్త పేర్లే ఉండిపోయాయి.