బడిలో తూకం: ఈ తగవు ఎక్కడ మొదలైంది

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లోని కొన్ని ప్రైవేటు పాఠశాలల్లో పిల్లల ఎత్తు, బరువు కొలిచి కార్డులు ఇంటికి పంపే పద్ధతిపై తల్లిదండ్రులకూ యాజమాన్యాలకూ మధ్య పేచీ మళ్లీ మొదలైంది. నెల్లూరులోని ఒక బడిలో ఏడో తరగతి పిల్లలను వరండాలో వరసగా నిలబెట్టి, కాటా మీద కనిపించిన అంకెను ఆయా బిగ్గరగా చదువుతుంటే టీచరు రిజిస్టరులో రాసుకున్నారు. అరవై రెండు అన్న మాట వినబడగానే వరసలో ఉన్న పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి ఆనాటి నుంచి మధ్యాహ్నం క్యారేజీ మూత తీయకుండానే ఇంటికి తెస్తోందని, సాయంత్రం ఆకలికి ఆగలేక చేతికందిన ప్యాకెట్టల్లా తింటోందని తల్లి చెబుతున్నారు. పిల్లల ఆరోగ్యం కోరే ఈ పని చేస్తున్నామని, ఇంట్లో తిండి అదుపు చేయవలసింది తల్లిదండ్రులేనని యాజమాన్యం అంటోంది.

 ఈనాటి తగవు అర్థం కావాలంటే ముందుగా చూడవలసిన సంవత్సరం 2015. పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఆ ఏడాది 5 నుంచి 18 ఏళ్ల భారతీయ పిల్లల కోసం కొత్త ఎదుగుదల పటాలను ప్రకటించింది. కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. పెద్దవాళ్లకు అంతర్జాతీయంగా అది 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం అంటారు. మన శరీర తత్వంలో అదే బరువుకు కొవ్వు పాలు ఎక్కువగానూ కండ పాలు తక్కువగానూ ఉంటుంది గనుక, మధుమేహం ముప్పు ముందుగానే వస్తుంది గనుక, పటం మీద వయసుతో పాటు పెరుగుతూ పెద్దయ్యేసరికి 23కు చేరే గీత దాటిన పిల్లలను అధిక బరువుగానూ, 27కు చేరే గీత దాటినవారిని స్థూలకాయులుగానూ లెక్కించాలని ఆ పటాలు నిర్ణయించాయి. అప్పటిదాకా పుష్టిగా ఉన్నాడు, దిష్టి తగులుతుంది అని అవ్వలు మురిసిపోయిన పిల్లవాడు ఆసుపత్రి చీటీలో అధిక బరువు పిల్లవాడయ్యాడు.

ఈ మార్పు శాస్త్రీయంగా సరైనదే. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మారిన గీత వైద్యుల గదుల దాకా చేరింది కానీ, దాన్ని చదివే పద్ధతి చాలా బడుల దాకా చేరలేదు. తల్లిదండ్రులు చూపించిన కార్డుల్లో రెండింటిని పరిశీలిస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. పదేళ్ల బాలుడి ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. బీఎంఐ దాదాపు 20 వస్తుంది. కార్డులో సాధారణం అని టిక్కు పెట్టారు, ఎందుకంటే పెద్దవాళ్ల లెక్కలో 18.5 నుంచి 25 వరకు సాధారణమే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 ప్రమాణాల ప్రకారం పదేళ్ల మగపిల్లవాడికి 18.5 దాటితే చాలు, అధిక బరువే. రెండో కార్డు ఎనిమిదేళ్ల బాలుడిది. ఎత్తు 127 సెంటీమీటర్లు, బరువు 26 కిలోలు, బీఎంఐ 16. ఆ వయసుకు అది చక్కని బరువు. కార్డులో మాత్రం తక్కువ బరువు అని రాశారు. ఆ మాట చూసి బెంబేలెత్తిన ఇంట్లో పాలలో కలిపే డబ్బా పొడి రోజుకు రెండు పూటలా మొదలైంది. పిల్లల బీఎంఐని వయసుతో, ఆడామగా తేడాతో కలిపి పటం మీద చూడాలే తప్ప, పెద్దల పట్టికతో పోల్చకూడదన్న మొదటి పాఠమే ఇక్కడ తప్పిపోయింది.

ఈ తగవుకు మూలం మరికొంత వెనక ఉంది. కాటా మన ఊళ్లలోకి వచ్చిందే చిక్కిపోయిన పిల్లలను పట్టుకోవడానికి. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్‌లో తూకం పని అదే. 2013లో 18 ఏళ్ల లోపు పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తొలి 30 రుగ్మతల జాబితాలోనూ తీవ్ర పోషకాహార లోపం ఉంది, స్థూలకాయం లేదు. బరువు పెరిగితే తల్లిని మెచ్చుకోవడం, తగ్గితే మందలించడం ఒక తరం పాటు నడిచింది. కాబట్టి అదే కాటా ముందు నిలబెట్టి బరువు ఎక్కువైందని మందలించినప్పుడు తల్లులకు అది అన్యాయంగా తోచడంలో వింత లేదు. పైగా రెండు సమస్యలూ ఇప్పుడు పక్కపక్కనే ఉన్నాయి. 2016-18 నాటి జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల వారిలో 24 శాతం వయసుకు తగని సన్నదనంతోనూ, 5 శాతం అధిక బరువుతోనూ ఉన్నట్టు తేలింది. ఒకే తరగతి గదిలో ఇద్దరూ ఉంటారు, ఇద్దరినీ ఒకే కాటా తూస్తుంది.

ఇక బడుల బాధ్యత మాట. ఢిల్లీ హైకోర్టు 2015లో ఇచ్చిన ఆదేశాల దరిమిలా కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020 సెప్టెంబరులో నిబంధనలు ప్రకటించింది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి క్యాంటీన్లలోనూ, హాస్టల్ వంటశాలల్లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా అమ్మకూడదు. ఇది 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సమయానికి కరోనా వల్ల బడులు సరిగ్గా నడవడం లేదు. పిల్లలు ఏడాదికి పైగా ఫోన్ల ముందు కూర్చొని పాఠాలు విన్నారు. నిబంధన అలా ఎవరి కంటా పడకుండా పోయింది. 2025 మే నెలలో సీబీఎస్ఈ తన బడులన్నిటిలో, ఏ పదార్థంలో ఎంత చక్కెర ఉందో చెప్పే చక్కెర బోర్డులు పెట్టమన్నాకనే ఈ విషయం మళ్లీ చర్చకు వచ్చింది. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో 25 గ్రాములకు పైగా చక్కెర ఉంటుందని, అంటే ఐదారు చెంచాలని చాలామంది పిల్లలు ఆ బోర్డుల వల్లనే తెలుసుకున్నారు. బోర్డు పెట్టిన బడిలోనే పీటీ పీరియడ్‌ను లెక్కల టీచరు తీసుకుంటున్నారన్నది తల్లిదండ్రుల ఫిర్యాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన ఆట అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉదయం ఏడుకే బస్సెక్కి, సాయంత్రం స్టడీ అవర్ ముగించుకొని చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్లవాడు ఆ గంటను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో యాజమాన్యాలు చెప్పడం లేదు. నెల్లూరులోని ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికో, వీఆర్సీ మైదానానికో పంపుదామన్నా ఆ వేళకు పిల్లలు బడిలోనే ఉంటారు.

తల్లిదండ్రులను నిందించేవారు మరిచే సంగతి ఇంకొకటుంది. ఏడో తరగతి వయసులో ఆడపిల్లల ఒంటికి కొంత కొవ్వు చేరడం యవ్వనారంభంలో సహజం. పిల్లవాడు బొద్దుగా ఉండి, తన వయసువారి కంటే పొడుగ్గా కూడా ఉంటే కారణం సాధారణంగా తిండి, ఆట, నిద్రలలోనే దొరుకుతుంది. బొద్దుగా ఉండి ఎత్తు ఎదగడం ఆగిపోతే మాత్రం థైరాయిడ్ వంటి హార్మోన్ల లోపం ఉందేమో వైద్యుడు చూడాలి. మెడ వెనక మడతల్లో చర్మం మకమల్ గుడ్డలా మందంగా నల్లబడితే మురికి అనుకొని సున్నిపిండితో రుద్దే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు. ఎంత రుద్దినా పోదు, పిల్లవాడి మెడ మండుతుంది. రాత్రి గట్టిగా గురక పెట్టడం, నెలసరి సక్రమంగా రాకపోవడం, మోకాళ్ల నొప్పి, అతి దాహం ఉన్నా ఆలస్యం చేయకూడదు. వరండాలో చదివిన అంకె వీటిలో ఒక్కటీ చెప్పదు.

ఎదిగే పిల్లలకు ఉపవాసాలు, రాత్రి అన్నం మాన్పించడాలు వైద్యులు చెప్పరు. చాలామంది పిల్లల్లో బరువు ఉన్నచోట నిలిస్తే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ లెక్క దానంతటదే సరిపోతుంది. అందుకు ఇంటిల్లిపాదీ మారాలి. అన్నకు చిప్స్ పెట్టి చెల్లెలికి మాన్పించిన ఇంట్లో ఆ పిల్ల దాచుకొని తినడం నేర్చుకుంటుంది. పెన్నా కింద సన్నబియ్యం మూడు పూటలా తినే ఇంట్లో అన్నం కాస్త తగ్గించి పప్పు, కూర, చేప పెంచడం, కనిగిరి, మార్కాపురం వైపు పెద్దవాళ్లు తిన్న జొన్న, సజ్జ వారంలో కొన్ని పూటలు మళ్లీ వండుకోవడం, తినేటప్పుడు టీవీ, ఫోను పక్కన పెట్టడం, బడి వయసు పిల్లలు తొమ్మిది గంటలు, టీనేజీ పిల్లలు కనీసం ఎనిమిది గంటలు నిద్రపోయేలా చూడడం అందరికీ సాధ్యమైన పనులే. హాస్టల్లో ఉన్న పిల్లల కోసం ఆదివారం సంచుల నిండా బిస్కెట్లు మోసుకెళ్లే తల్లిదండ్రుల ప్రేమను తప్పుపట్టనక్కర్లేదు. ఆ సంచిలో వేయించిన శనగలు, జామకాయలు, అరటిపళ్లు కూడా పడతాయి. బొండాం, గుమ్మడికాయ అని ముద్దుకైనా పిలవడం ముందుగా ఆపాలి. ఆ పిలుపు పడే పిల్లలు అందరి ముందూ తినడం మాని చాటున తినే అవకాశం ఎక్కువ.

నెల్లూరు బడి తల్లిదండ్రులు తూకం ఆపమని అడగడం లేదు. తలుపు వేసిన గదిలో ఒక్కొక్కరినే కొలవాలని, అంకెను పైకి చదవకూడదని, వయసు పటంతో సరిచూసి మూసిన కవరులో ఇవ్వాలని, పీటీ పీరియడ్‌ను తిరిగి ఆటకే వదలాలని రాసిచ్చారు. కవరు సంగతికి యాజమాన్యం ఒప్పుకుంది. పీటీ పీరియడ్ మీద ఇంకా జవాబు రాలేదు. తర్వాతి తూకం సంక్రాంతి సెలవుల తర్వాత ఉంది, ఆ అమ్మాయి మాత్రం ఆ రోజు బడికి వెళ్లనని ఇప్పటి నుంచే ఇంట్లో చెబుతోంది.